తాతగారి మండువా ఇంటి కలప: విప్పే ముందు ఏం తెలుసుకోవాలి?

గోదారిగట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కోనసీమలో గౌతమీ పాయకు దగ్గరగా ఉన్న మా ఊళ్ళో మా ముత్తాతగారు కట్టించిన మండువా ఇల్లు ఒకటి ఉంది. దస్తావేజును బట్టి అది 1926 నాటిది. మధ్యలో పైకప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉండే మండువా, దాని చుట్టూ నాలుగు వసారాలు, వీధి వైపు అరుగులు, పెరటి వైపు వంటగదీ ధాన్యపు గదీ ఉన్నాయి. 1986 వరదలో వసారా స్తంభాలు నడుము ఎత్తు వరకూ నీళ్ళలో నిలిచాయి. ఆ గుర్తు ఇప్పటికీ వాటి మీద నల్లటి గీతలా కనిపిస్తుంది. 1996 నవంబరు తుపానుకు పడమటి వైపు పెంకు అంతా లేచిపోతే, చేతిలో డబ్బు లేని కాలం కాబట్టి నాన్నగారు అక్కడ సిమెంటు రేకులు వేయించారు. ఆ రేకుల సందుల్లోంచి కారిన నీరే ఇరవై ఏళ్ళుగా ఆ భాగాన్ని తినేసింది. ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఉండటం లేదు. అన్నదమ్ముల పిల్లలం ముగ్గురం కూర్చుని మాట్లాడుకుని, ఇల్లు విప్పి అదే స్థలంలో చిన్న ఇల్లు కట్టుకోవాలని నిర్ణయానికి వచ్చాం.

ఈ సంగతి తెలిసి పాత కలప కొనే వ్యాపారి ఒకరు వచ్చారు. పై కప్పు వైపు చూడకుండానే వీధి గుమ్మాన్ని చాకుతో కొద్దిగా గీసి, వాసన చూసి, మొత్తం కలపకు గంపగుత్తగా ఒక ధర చెప్పారు. వారం తరువాత మేము ఏమీ అనకముందే ఆ ధరను దాదాపు రెట్టింపు చేశారు. అప్పుడు నాకు అర్థమైనది ఒక్కటే: మా ఇంట్లో ఏముందో ఆయనకు తెలుసు, మాకు తెలియదు.

ఈ కలపను కొత్త ఇంట్లో వాడుకోవాలని నా కోరిక. అయితే ఏది టేకో, ఏది కాదో, ఏది ఇంకా గట్టిగా ఉందో తెలుసుకోవడం ఎలా? మా పట్నంలో పనిచేసే వడ్రంగి అర అంగుళం చిత్రిక పట్టేస్తే కొత్త కలపలా వస్తుందని అంటున్నారు. ఆ వరద గీత, గడప మీద మా నాయనమ్మ పూసిన పసుపు మరకలు, ఉయ్యాల గొలుసులు ఒరుసుకున్న గుంటలు పోతే అది మా ఇంటి కలప అని ఎలా చెప్పగలనో నాకు తెలియడం లేదు. పాత ఇంటి కలప కొత్త ఇంటికి పనికిరాదని మా పెద్దమ్మగారు పట్టుబడుతున్నారు కూడా. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.


చిత్రిక:

అయ్యా, మాది రాజమహేంద్రవరం దగ్గర వడ్రంగం చేసే కుటుంబం. మా తాతగారు, నాన్నగారు ఇలాంటి ఇళ్ళు కట్టినవారే. నేను మాత్రం గత ముప్పై ఏళ్ళలో కట్టిన వాటికంటే విప్పినవే ఎక్కువ. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఇల్లంతా టేకు అని అనుకోకండి. ఆ కాలపు మేస్త్రి చేసిన పనిలో గొప్పతనం ఏ చోట ఏ చెట్టు నిలబడుతుందో తెలిసి వాడటంలో ఉంది. వీధి గుమ్మం, మండువా స్తంభాలు, తలుపులు సాధారణంగా టేకువి. పై దూలాలు, వాసాలు చాలా ఇళ్ళలో తాటివి. కొన్ని చోట్ల మద్ది, కొన్ని చోట్ల వేగిస కనిపిస్తాయి. అటక పలకలకు మామిడి వేసి ఉంటే దాన్ని పుచ్చు ఎప్పుడో తినేసి ఉంటుంది, దాని గురించి బెంగ పెట్టుకోవద్దు.

గుర్తుపట్టడానికి మీ వ్యాపారి చేసిన పనే మీరూ చేయవచ్చు. ఎవరికీ కనిపించని చోట, ఉదాహరణకు తలుపు వెనుక అంచున, పదునైన ఉలితో గోరంత పొర తీయండి. పైన ఎంత నల్లబడినా లోపల బంగారు గోధుమ రంగు కనిపించి, వేలికి కొద్దిగా జిడ్డుగా తగిలి, తోలు వాసన లాంటి వాసన వస్తే అది టేకు. బరువు కూడా చెబుతుంది. ఆరిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది. మద్ది అంతకంటే బాగా బరువు, చేతిలోకి తీసుకోగానే తేడా తెలుస్తుంది. వేగిసకు ఇంకో పరీక్ష ఉంది: రెండు మూడు పొట్టు ముక్కలను గాజు గ్లాసు నీళ్ళలో వేస్తే కాసేపటికి నీరు రంగు మారి, వెలుతురులో పట్టి చూస్తే నీలి మెరుపు కనిపిస్తుంది. మధుమేహానికి నీళ్ళు పోసుకుని తాగే చెక్క గ్లాసులు ఈ కర్రతో చేసినవే.

ఇక టేకులో మీరు చూడవలసింది చేవ. చెట్టు బోదెకు నడిమి భాగం ముదిరి రంగు తేలి చేవ అవుతుంది. దాని చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ఆ గుణం ఉండదు. చెదలను దూరంగా ఉంచే జిడ్డు, కషాయం లాంటి పదార్థాలు చేవలోనే ఉంటాయి. వందేళ్ళ స్తంభాన్ని నాలుగు మూలలా పరీక్షిస్తే, ఒక మూల మాత్రం పిండిలా రాలిపోయి మిగతా మూడు మూలలు ఇనుములా ఉండటం తరచుగా చూస్తాను. ఆ రాలిన మూల తెల్ల చెక్క. దాన్ని చూసి స్తంభమంతా పోయిందని కట్టెల కిందికి అమ్మేసినవారిని చాలామందిని చూశాను.

పాత టేకు గట్టిది, ఇప్పటి తోట టేకు మెత్తనిది అని అందరూ అంటారు. నా అనుభవంలో ఆ మాట సగమే నిజం. తొందరగా పెరిగిన టేకు కూడా బరువు మోయడంలో మరీ తీసిపోదు. అసలు తేడా చేవలో ఉంది. ఇరవై ఏళ్ళకు కొట్టిన చెట్టులో తెల్ల చెక్క వాటా ఎక్కువ, ఉన్న చేవలో కూడా ఆ జిడ్డు తక్కువ. మీ స్తంభం వంటి దాంట్లో తొమ్మిది అంగుళాల వెడల్పునా చేవే ఉంటుంది, అలాంటి దుంగ ఈనాడు కలప అమ్మే అడితిలో దొరకడం చాలా కష్టం.

మీ ఇల్లు 1926 నాటిది కాబట్టి ఆ టేకు రెండు దారుల్లో వచ్చి ఉండవచ్చు. ఒకటి భద్రాచలం పై అడవుల నుంచి గోదావరిలో తెప్పలు కట్టి రాజమహేంద్రవరానికి దింపిన కలప. రెండోది బర్మా టేకు, మా వాళ్ళు రంగూన్ టేకు అనేవారు. బర్మాలో చెట్టును కొట్టే ముందు మొదలు చుట్టూ తెల్ల చెక్క దాటేలా గాటు పెట్టి, రెండు మూడేళ్ళు నిలువునా ఎండనిచ్చేవారు. పచ్చి టేకు నీటిలో మునుగుతుంది, ఎండితేనే ఇరావతి నదిలో తేలి రంగూన్ చేరుతుంది, అందుకని ఆ పద్ధతి. అంటే ఆ కలప మన తీరంలో ఓడ దిగేనాటికే సగం ఆరిపోయి ఉండేది. 1942లో రంగూన్ జపాను చేతికి పోవడంతో ఆ రాకపోకలు తెగిపోయాయి. ఆ తరువాత కట్టిన మండువాల్లో స్తంభాలు సన్నబడటం నేను స్పష్టంగా గమనించాను.

తాటి దూలాల గురించి చిన్నచూపు వద్దు. తాటి చెట్టుకు ఏటేటా పడే వలయాలు ఉండవు. టేకుకు లోపలిది గట్టి అయితే తాటికి వెలుపలిది గట్టి. నడుమ ఉన్న మెత్తని బెండు తీసేసి నల్లటి పై చెక్కనే దూలంగా వాడేవారు. అదే గుణంతో నడుమ తొలిచి కొల్లేటిలో దోనెలు, పొలాల్లో నీటి తూములు చేసుకున్నారు. ముదిరిన తాటి దూలం పొడిగా ఉంటే వందేళ్ళు దాటినా వంగదు. కానీ దాన్ని పలకలుగా కోయించాలని చూడకండి, పీచుపీచుగా విడిపోతుంది. దూలంగానే వాడండి.

విప్పేటప్పుడు పై నుంచి కిందికి, కట్టిన వరసకు ఎదురు వరసలో విప్పాలి. సుత్తితో మోది విరగ్గొట్టే కూలీలకు అప్పగించవద్దు. స్తంభం తలలో దిగే కుసి (అతుకు కోసం సన్నగా చెక్కిన మొన) దగ్గర ఒకటి, రెండు, మూడు, నాలుగు గాట్లు కనిపిస్తాయేమో చూడండి. ఏ స్తంభం ఏ మూలదో తెలియడానికి మేస్త్రులు పెట్టుకున్న గుర్తులవి. వాటి ప్రకారమే మీరూ సుద్దతో అంకెలు వేసి ఫోటోలు తీసుకోండి. మేకులన్నీ లాగాక కూడా బలమైన అయస్కాంతంతో ప్రతి ముక్కనూ తడమండి. లోపల మిగిలిన ఒక్క మేకు కోత మిల్లులో రంపాన్ని పాడుచేస్తుంది, పక్కన నిలబడ్డ మనిషికి ప్రమాదం కూడా.


మొగురం:

గోదారిగట్టు గారికి నమస్కారం. మాది కరీంనగర్ వైపు పల్లె. మా దగ్గర ఇలాంటి ఇంటిని భవంతి అంటారు. స్తంభాన్ని మొగురం అంటారు, మొగురాల మీద దూలం, దూలం మీద దంతెలు, వాటి మీద పలకలు, ఆపైన మట్టి వేసేవారు. చిత్రిక పట్టించాలా వద్దా అన్న మీ రెండో ప్రశ్నకు మాత్రమే జవాబిస్తాను, ఎందుకంటే ఆ విషయంలో నేను చేసిన తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఎనిమిదేళ్ళ కింద మా అమ్మమ్మగారి ఇంటి పెద్ద దర్వాజను మా కొత్త ఇంటికి తెచ్చుకున్నాం. పట్నంలో పని చేయించిన చోట మిషన్ మీద చిత్రిక పట్టి, గుంటలన్నీ లప్పంతో పూడ్చి, మెరిసే పాలిష్ వేసి ఇచ్చారు. చూసిన ప్రతి ఒక్కరూ చాలా బాగుందన్నారు. మా అమ్మ మాత్రం చౌకట్టు మీద చెయ్యి వేసి కాసేపు వెతికి, ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆమె చిన్నప్పుడు ప్రతి సంక్రాంతికీ పిల్లలను ఆ దర్వాజకు ఆనించి నిలబెట్టి, తల ఎత్తుకు సరిగ్గా మా తాత కొడవలి మొనతో గీత పెట్టేవాడట. ఏడుగురు పిల్లల గీతలు అక్కడ ఉండేవని నాకు ఆ తరువాతే తెలిసింది. అర అంగుళం పొట్టులో అవి పోయాయి.

కాబట్టి అయ్యా, మిషన్ దగ్గరికి పంపే ముందు ఇంట్లో పెద్దవాళ్ళందరినీ ఒక్కొక్క ముక్క దగ్గరికి తీసుకెళ్ళి, ఆ మచ్చ ఏమిటో, ఆ గాటు ఎందుకు పడిందో అడిగి రాసుకోండి. మీ పెద్దమ్మగారిని ముందు అడగండి. పాత కలప వద్దనే మాట వెనుక ఆమెకు ఆ ఇల్లు విప్పడమే ఇష్టం లేకపోవచ్చు. మా వైపు కూడా పాత కలప పనికిరాదనే మాట ఉంది, కానీ అన్నదమ్ములు వేరుపడి కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు పెద్ద దర్వాజ ఎవరికి దక్కాలన్నదాని మీద పంచాయితీలు జరగడం కూడా నేను చూశాను. పనికిరానిదైతే ఎవరు కొట్లాడతారు?

శుభ్రం చేయడానికి మెత్తటి కుంచె, సబ్బు నీటితో తడిపి పిండిన గుడ్డ, ఆరాక పలచగా అవిసె నూనె చాలు. మిగిలిన రెండు మొగురాలకు నేను అంతే చేశాను. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ముద్దగా పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.


సున్నపుగోడ:

నేను స్ట్రక్చరల్ ఇంజనీరును, పాత కట్టడాల మరమ్మతు మీద పనిచేస్తాను. చిత్రిక గారు చెప్పిన దానికి బలం లెక్కల వైపు నుంచి కొంత చేరుస్తాను.

దూలం నడుమ భాగంలో పొడవునా కనిపించే నెర్రెలు చూసి భయపడనవసరం లేదు. అవి ఆరేటప్పుడు పడినవి, చాలావరకు బలాన్ని తగ్గించవు. మీరు భయపడవలసింది గోడలో కూరిన చివరలను చూసి. గోడ చెమ్మ పీల్చి ఆ చివరకు ఇస్తుంది, గాలి తగలదు, అక్కడ బూజు తిని మెత్తబడుతుంది. బయటికి కనిపించే పన్నెండు అడుగులు నిక్షేపంలా ఉండి, గోడ లోపలి ముప్పావు అడుగు చేత్తో నలిపితే పొడి కావడం నేను పదేపదే చూశాను. సుత్తితో తట్టుకుంటూ పొండి. గట్టి చెక్క ఖంగుమంటుంది, పోయిన చోట మొద్దుగా పలుకుతుంది. ఆ చివరలు కోసేస్తే దూలం పొట్టిదవుతుంది కనుక అదే వెడల్పు గదికి అది చాలదు. మీ కొత్త ఇంటి ప్లాను గీయించక ముందే ప్రతి దూలం పనికొచ్చే పొడవు కొలిపించండి. కలపను బట్టి గది వెడల్పు నిర్ణయించుకోవాలి. గది నిర్ణయించుకున్న తరువాత కలప కొలిస్తే మంచి దూలాలను కోసుకోవలసి వస్తుంది.

స్తంభాలు వందేళ్ళు నిలవడానికి కారణం టేకు ఒక్కటే అనుకోవద్దు. వాటి కింద రాతి దిమ్మ ఉంటుంది, చెక్క నేలను తాకదు. కొత్త ఇంట్లో వాటిని కాంక్రీటులో పాతి పోత పోస్తే నీరు కింద నిలిచి కొద్ది ఏళ్ళలోనే మొదలు కుళ్ళిపోతుంది. ఆ రాతి దిమ్మలను కూడా కలపతో పాటు దాచుకోండి.

రంగుల విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. తలుపులకు, కిటికీలకు పొరలు పొరలుగా ఉన్న పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులకు మించరాదనే నియమం మన దేశంలో 2017 నవంబరులో గాని అమలులోకి రాలేదు. అందువల్ల ఆ రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దడం, మంట పెట్టి కాల్చడం రెండూ చేయవద్దు. తడి చేసి గీకండి లేదా రంగును ఊడదీసే ద్రావకం వాడండి, ఆ గీకుడు పొట్టును సంచిలో కట్టేయండి, చిన్నపిల్లలను, గర్భిణులను ఆ దరిదాపులకు రానివ్వకండి.

ఇక మీరు అడగని మాట ఒకటి. ఇల్లంతా విప్పాలా? పడమటి భాగం రేకుల వల్ల పాడైందన్నారు, మిగతా మూడు వైపులా పెంకు నిలిచే ఉందని మీ మాటల్లో తోస్తోంది. మద్రాసు దగ్గర ముట్టుకాడులోని దక్షిణచిత్ర అనే మ్యూజియంలో చెట్టినాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర ప్రాంతాల పాత ఇళ్ళ భాగాలను తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. వీలైతే వెళ్ళి చూడండి, అంకెలు వేసి విప్పిన కలప మళ్ళీ ఎంత చక్కగా కూడుకుంటుందో తెలుస్తుంది. కానీ అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ నాకు కలిగే ఆలోచన, ఈ ఇల్లు దాని ఊళ్ళోనే నిలిచే దారి ఉండి ఉంటే ఎంత బాగుండేదోనని. వీధి వైపు వసారా, మండువా తూర్పు సగం అలాగే ఉంచి, పడమట కొత్త గదులు కట్టుకోవచ్చేమో ఒకసారి ఆలోచించండి.


గోదారిగట్టు:

మీ ముగ్గురికీ ఎంతో రుణపడి ఉన్నాను. గత రెండు వారాలు సెలవు పెట్టి ఊళ్ళోనే ఉండి, మీరు చెప్పినట్టే ఒక్కొక్క ముక్కనూ చూశాను.

మా దూలాల్లో ఒక్కటీ టేకు కాదు, అన్నీ తాటివే. వ్యాపారి పైకి ఎందుకు చూడలేదో ఇప్పుడు అర్థమైంది. మండువా స్తంభాలు నాలుగూ టేకువే, మూడింటిలో చేవ ఏ లోపం లేకుండా ఉంది, నాలుగోదానికి ఒక మూల మాత్రం తెల్ల చెక్క పోయింది. వంటగది గుమ్మం పొట్టు నీళ్ళలో వేస్తే నీలి మెరుపు వచ్చింది, అది వేగిస. మా ఇంట్లో వేగిస ఉందని మాలో ఎవరికీ తెలియదు. నిచ్చెన వేసి చూస్తే స్తంభాల తలల దగ్గర ఉలి గాట్లు నిజంగానే ఉన్నాయి. ఈశాన్యపు స్తంభానికి ఒకటి, ఆగ్నేయానికి రెండు, అలా ప్రదక్షిణంగా నాలుగు వరకూ. ఆ గాట్లు పెట్టిన మేస్త్రి పేరు ఎవరికీ గుర్తులేదు, ఆయన చేతి గీత మాత్రం నిన్న చెక్కినంత పదునుగా ఉంది.

పెద్దమ్మగారిని పిలుచుకు వెళ్ళాను. వరద గీతను చూపించి, ఆ రాత్రి తాను, మా నాయనమ్మ ధాన్యపు గది అటక మీద కూర్చుని తెల్లవార్లూ ఆ స్తంభం మీద నీరు ఎంత ఎక్కిందో లాంతరు వెలుగులో చూస్తూ గడిపామని చెప్పారు. ఆ మాట మేమెవరమూ ఇదివరకు వినలేదు. పాత కలప గురించి ఆమె మళ్ళీ అభ్యంతరం చెప్పలేదు, వీధి గుమ్మాన్ని మాత్రం దిక్కు మార్చకుండా తూర్పుకే నిలపమని అడిగారు.

పడమటి వైపు దూలాలు పదకొండింటిలో ఏడింటి చివరలు పోయాయి. తూర్పు, ఉత్తరం, దక్షిణం గట్టిగానే ఉన్నాయి. సున్నపుగోడ గారు చెప్పినట్టు పడమర ఒక్కటే విప్పి, మిగతాది నిలబెట్టే విధంగా ప్లాను గీయిస్తున్నాం. వ్యాపారికి ఏమీ అమ్మడం లేదని చెప్పేశాం. ఒక్క సందేహం మిగిలింది. పొట్టివైన ఆ ఏడు తాటి దూలాలను, పడమటి గదుల్లోంచి వచ్చే నాలుగు టేకు తలుపులను ఏం చేయాలి? తలుపులు రెండు కాకినాడలో ఉండే మా చెల్లెలి ఇంటికి పంపాలని ఉంది.


చిత్రిక:

చాలా సంతోషం. తాటి దూలాలను చివరలు కోసి, పెరటి వైపు పంచకు వాడండి. అక్కడ ఎనిమిదడుగుల వెడల్పు చాలు కాబట్టి పొట్టివైనా సరిపోతాయి. గోడలో పెట్టే చివరకు మట్టి, సున్నం నేరుగా తగలకుండా మూడు వైపులా వేలెడు సందు వదలమని మేస్త్రికి గట్టిగా చెప్పండి, అక్కడ గాలి ఆడాలి. కొత్తగా కోసిన చోట బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీరు రెండు పూతలు పెట్టి ఆరనివ్వండి.

తలుపుల విషయంలో, టేకు కలప రవాణాకు 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నియమాలు వర్తిస్తాయి. పాత తలుపైనా దారిలో ఆపి అడిగే అవకాశం ఉంది. అందువల్ల ఇల్లు విప్పక ముందే తలుపులు గోడలో ఉండగా ఫోటోలు తీసి, పంచాయతీ నుంచి ఒక కాగితం రాయించుకుని, మీ పరిధిలోని అటవీ రేంజి కార్యాలయంలో అడిగి వారు చెప్పిన పత్రం తీసుకున్నాకే బండి ఎక్కించండి. చెల్లెలి ఇంటికి చేరాక వెంటనే బిగించకండి. ఒక నెలపాటు ఆ ఇంట్లోనే గోడకు ఆనించి, కింద చెక్క ముక్కలు పెట్టి, రెండు వైపులా గాలి తగిలేలా ఉంచితే అక్కడి చెమ్మకు అలవాటు పడతాయి. ఆ తరువాత ద్వారబంధాన్ని తలుపు కొలతకు చేయించండి, తలుపును బంధం కొలతకు కోయించవద్దు.

మూల పోయిన నాలుగో స్తంభాన్ని మార్చే పని లేదు. మెత్తబడిన తెల్ల చెక్కను గట్టి చేవ తగిలేవరకూ ఉలితో తీసేసి, పడమటి గుమ్మాల్లో పాడైనదాని నుంచి అదే వయసు టేకు ముక్క కోసి అతికించవచ్చు. కొత్త టేకు అతికితే రంగు కలవడానికి ఏళ్ళు పడుతుంది. పని మొదలుపెట్టే రోజు చెప్పండి, ఆ అతుకు నేనే వచ్చి వేస్తాను.